మీ ఇంట్లో ఉండేది రాయి

జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర గోడకు కట్టిన ఒక ఫ్లెక్సీలో రెండు అక్షరదోషాలు కనిపించాయి. "ప్రభువునందు నిద్రించిన" అన్నచోట క్రావడి లేదు. "సంతాపం"లో మొదటి సున్నా పోయింది. ఆ రెండూ చూసి, ఈ కాలం వాళ్లకు ఇంకేం చేతనవుతుందిలే అనుకుని నాలుగడుగులు ముందుకు వేశాక గానీ ఆ ఫొటో ఎవరిదో నాకు తట్టలేదు. వెనక్కి వచ్చి చూశాను. ఆమే. ఫొటోలో కూడా కెమెరా వైపు కాక పక్కకు చూస్తోంది, అటువైపు ఎవరో ఏదో చెప్పబోతున్నట్టు, అది వినకపోతే పోతుందన్నట్టు. భూస్థాపన ఆ సాయంత్రమే అని కింద రాసి ఉంది.

ఆమె పేరు నేను ఇక్కడ రాయను. ఆమె మనుషులు ఇంకా ఈ ఊళ్లలోనే ఉన్నారు.

మా బడి జమ్మలమడుగుకు ఎనిమిది మైళ్లు. బడి నిలబడిన స్థలం మా తాత ఇచ్చినది. వాకిలి పక్కన నాపరాతి మీద ఆయన పేరు చెక్కి ఉంది. అదే బడిలో నేను గుమాస్తాను. మా వంశంలో నెల జీతానికి సంతకం పెట్టినవాణ్ని నేనే మొదట. ఆ సంగతి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఆమె ఇంగ్లీషు టీచరుగా వచ్చింది. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టిన మనిషి. అవ్వ టీచరు, అమ్మ టీచరు. మొదటి బస్సుకు దిగేది. చేతిలో ఒక వైరు బుట్ట, అందులో అన్నం క్యారియరు, దాని మీద పిల్లల నోట్సులు. ఆ నోట్సులకు ఎప్పుడూ ఎర్రకారం వాసన. మెడలో సిలువ ఉన్న గొలుసుకే పెన్‌డ్రైవు కూడా తగిలించుకునేది. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ ఒకరోజు దాన్ని పట్టుకుని చూసి, "ఏంది మేడం, ఇద్దురు దేవుళ్లా?" అని అడిగింది. "ఒకాయప్ప నన్ను మోస్తాండాడు. ఇంకొకదాన్ని నేను మోస్తాండా" అని ఆమె జవాబు.

కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా నేను చూడలేదు. బెంచీల మధ్య తిరుగుతూనే ఉండేది. పిల్లలు ఏదైనా చెప్పి ఆగితే "మల్ల?" అనేది. అంతే. ఆ మాట తప్ప ఇంకేమీ అనేది కాదు. "నిన్న మేకను అమ్మినాం మేడం." "మల్ల?" "పొయ్యేటప్పుడు అరిసింది." "మల్ల?" "మాయమ్మ ఇంట్లోకి పొయి తలుపేసుకునింది." అప్పుడు, "ఇంగ అది రాయి" అనేది. పెద్దవాళ్లతోనూ అదే పద్ధతి. ప్రభుత్వం పంపిన పదకొండు కంప్యూటర్లు పెట్టెల్లోనే ఏడాదిగా ఉన్నాయి. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది. ఆమె హెడ్మాస్టరును అడగడానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పిల్లోళ్లు ముట్టుకుంటే చెడిపోతాయని ఆయన అన్నాడు. మల్ల? అంది. కరెంటు ఉండదన్నాడు. మల్ల? నెట్టు కనెక్షను లేదన్నాడు. మల్ల? ఆడిటు వస్తే ఎవరు చెప్పాలన్నాడు. మల్ల? ఆయన దగ్గర కారణాలు అయిపోయాయి. నా వైపు తిరిగి, తాళంచెవి ఇచ్చి రిజిస్టరులో సంతకం తీసుకోమన్నాడు.

ఆమె చేసింది చిన్న పనే. పిల్లలు రాసినవి పెట్టడానికి ఇంటర్నెట్టులో ఒక బ్లాగు తెరిచింది. పైన పెద్ద అక్షరాల్లో మా ఊరి పేరు, బడి పేరు. పిల్లలు నోట్సుల్లో రాసేవాళ్లు. కరెంటు ఉన్న పూట ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే పద్ధతిలో తమ పేరూ, వ్యాసం పేరూ వాళ్లే కొట్టుకునేవాళ్లు. మిగిలినది ఆమె శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, బట్టల అంగళ్ల సందులో ఉన్న నెట్ సెంటరులో కూర్చుని ఎక్కించేది. సోమవారం పొద్దున, అంతకు ముందువారం వ్యాసాల కింద ఎవరెవరు ఏమేమి రాశారో ఆ కాగితాలు బుట్టలో తెచ్చేది.

మొదటి రోజు ఎనిమిదో తరగతికి ఆమె ఇచ్చిన అంశం ఒకటే. "బుక్కులో ఉండేది నాకు తెలుసులేబ్బా. మీ ఇంట్లో ఉండేది రాయి." తరగతిలో ఒక పిల్ల లేచి, "మా ఇంట్లో ఉండేది రాయే మేడం. గోడలు రాయి, కప్పు రాయి, పండుకునేది రాయి" అంది. మా వైపు ఇళ్లన్నీ నాపరాతివే. తరగతి అంతా నవ్వింది. ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది. ఆ మూడు మాటలనే మొట్టమొదటి వ్యాసంగా ఎక్కించింది.

పదిహేను రోజులకు దాని కింద కువైట్ నుంచి ఒక డ్రైవరు రాశాడు. తనది ఎర్రగుంట్ల దగ్గర పల్లె అనీ, ఆరేళ్లుగా నాపబండ మీద వీపు ఆనించలేదనీ, ఇది చదివి బండిలో కూర్చుని కండ్లనీళ్లు పెట్టుకున్నాననీ. ఆ కాగితం బడిలో చేయి మారి చేయి మారి నలిగి గుడ్డలాగా అయిపోయింది. అంతవరకూ పరీక్షలో అయిదు వాక్యాలు రాయమంటే మూడు రాసి పెన్ను నమిలే పిల్లలు, కువైట్లో ఎవరో ఒకాయప్ప ఎదురుచూస్తున్నాడని పేజీలు రాయడం మొదలుపెట్టారు. గొర్రెల ఇంటి పిల్ల ఒకతె, చీకట్లో కూడా తమ గొర్రెపిల్లను అరుపుతో ఎట్లా గుర్తుపడతారో రాసింది. ఇంకొకరు బాయి ఎండిపోతే అడుగున ఏమేమి దొరికాయో రాశారు. వాటికి కువైట్ నుంచి, బహ్రెయిన్ నుంచి జవాబులు. సోమవారం ఆమె బస్సు దిగేసరికి పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్లు. నా ఉద్యోగంలో పిల్లలు ఒక టీచరు బస్సు కోసం నిలబడటం నేను చూసింది ఆ ఒక్క ఏడాదే.

కానీ ఆ అక్షరాలు. "సెప్పినాడు", "సూసినాను", "ఏసినారు." మా తాత పేరు చెక్కిన బడి పేరు కింద, దేశాలు చూసే చోట, ఆ రాత. నేను ఆమెకు చెప్పాను, ఇది బడికి పరువు కాదని. ఆమె, "అది వాళ్ల మాట సార్" అంది. "మాటకు అక్షరం ఉంటుంది" అన్నాను. రెండు వారాలు మా మధ్య మాటలు లేవు. చివరికి ఆమే ఒక శుక్రవారం నోట్సుల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మీరే దిద్దండి సార్. అక్షరం వరకే. మాట జోలికి పోవద్దు" అంది. ఒప్పుకున్నాను. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం పెన్సిలుతో దిద్దేవాణ్ని. ఒప్పందం ఎన్నడూ దాటలేదు. మా ఇంట్లో మాట ఇస్తే అంతే.

ఆమెకు తెలియనిది ఒకటి ఉండింది. ఆమె పుట్టిన కాంపౌండు నుంచి చూస్తే ఫ్యాక్షన్ అంటే బస్సులు ఆగిపోవడం, అంగళ్లు మూయడం, ఆసుపత్రి వరండాలో జనం. ఊరి లోపల అది అట్లా ఉండదు. మా ఊళ్లలో పిల్లలకు "అ" కంటే ముందు "తెలీదు" అనే మాట నేర్పుతారు. మీ నాయన యాడ? తెలీదు. మీ ఇంటికి ఎవురొచ్చినారు? తెలీదు. అట్లాంటి పిల్లల దగ్గరికి వచ్చి ఆమె మీ ఇంట్లో ఉండేది రాయమంది. పైగా "మల్ల?" అంది.

ఆ ఏడు సర్పంచి ఎన్నికలు. రెండు పార్టీలూ ఊరిని రెండు వీధులుగా చేశాయి. ఎనిమిదో తరగతిలో ఒక పాప ఉండేది. ఆ పాప నాయన పూర్వం మా చేను చేసినవాడు. తరువాత మా చేను ఎవరి పాలయిందో ఆ నాయకుడి పంచనే చేరాడు. నేను ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుని పోయేవాడు. పాప మాత్రం మెత్తని పిల్ల. ఏడాదంతా నోరు తెరవలేదు. ఒక శుక్రవారం పాప నోట్సులో రెండున్నర పేజీల వ్యాసం ఉంది. పేరు, "మా ఇంటి సుట్టాలు."

"మా ఇంటికి నలుగురు సుట్టాలు వచ్చినారు. ఏ ఊరో సెప్పరు. పగులు బయటికి రారు. మాయమ్మ రెండు తూర్లు సంగటి కెలుకుతాంది. ఒకాయప్పకు ఎడమసేతికి రెండేళ్లు లేవు. మూడేళ్లతోనే నాకు జడ ఏసినాడు. మాయమ్మ ఏసినదానికన్నా బిగువుగా ఉండాది."

సుట్టాలు అన్నచోట నా పెన్సిలు ఆగింది. నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు మా ఇంటికీ అట్లాంటి చుట్టాలు వచ్చేవాళ్లు. పశువుల కొట్టం పక్క గదిలో పండుకునేవాళ్లు. చుట్టాలైతే పేర్లుండాలి గదా అని అడిగి మా అమ్మ చేతి దెబ్బ తిన్నాను. రెండు వేళ్లు లేని ఎడమచేయి ఎవరిదో ఆ రోజుల్లో మా మండలంలో తెలియని పెద్దవాడు లేడు. బాంబు చుట్టేటప్పుడు పోయిన వేళ్లవి. అతని కోసం ఎదుటి పార్టీ ఊరూరా వెతుకుతోంది.

సు కొట్టేసి చు రాశాను. సెప్పరు, చెప్పరు. సేతికి, చేతికి. ఏసినాడు, వేసినాడు.

నోట్సులు తీసుకోవడానికి ఆమె వచ్చినప్పుడు నేను, "ఈ పాప నాయన ఎవరో మీకు తెలుసా?" అని అడిగాను. ఆమె నోట్సులు సర్దుకుంటూ, "పాప తెలుసు సార్. చాలదా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం తలుపు మూసినట్టు అనిపించింది. అడగని మనిషికి వెంటబడి చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. చెప్పలేదు.

ఆ పై వారం సోమవారం ఆమె తెచ్చిన కాగితాల్లో, ఆ వ్యాసం కింద కువైట్ నుంచి అంటూ ఒకటే జవాబు. పేరు లేదు. "శానా బాగా రాసినావు పాపా. ఆ సుట్టం ఇంకా మీ ఇంట్లోనే ఉండాడా?"

ఆమె దాన్ని తరగతిలో చదివి వినిపించింది. అదివరకు వచ్చిన జవాబులన్నిటిలాగే అదీ ప్రేమేననుకుంది. పాప మొహం వెలిగిపోయిందని తరువాత పిల్లలు చెప్పారు. అడిగినవాళ్లకు జవాబు ఇవ్వడం మర్యాద అని ఆమె నేర్పింది కాబట్టి పాప ఆ వారమే జవాబు రాసింది. శుక్రవారం నోట్సు నా బల్ల మీదికి వచ్చింది. పేజీకంతా ఒకటే మాట. "ఉండాడు."

అందులో దిద్దవలసిన అక్షరం ఏదీ లేదు. అట్లాంటి చుట్టాలు ఒకచోట పది రోజులు మించి ఉండరు, ఈపాటికి పోయి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. నోట్సు మూసి కట్టలో పెట్టాను. ఆమె శనివారం ప్రొద్దుటూరు పోయింది.

మంగళవారం పొద్దున ప్రార్థన జరుగుతుండగా రెండు బాంబులు పేలాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా ఉన్నచోట నేల మీద కూర్చున్నారు. మా పిల్లలకు అదీ వచ్చు. నిలబడి ఉన్నది ఆమె ఒక్కతే. ఏ వైపు నుంచి చప్పుడు వచ్చిందో చూసి, వరుసల మధ్యగా పోయి ఆ పాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని పైట కప్పింది. చుట్టాలు నలుగురూ పాప ఇంటి వెనక గోడ దూకి పోయారు. ఇంటి మనిషి కాబట్టి పాప నాయన ఎక్కడికీ పోలేదు. కల్లం దగ్గరే పడి ప్రాణం విడిచాడు.

నాలుగో రోజు, పాప నాయన ఎవరి పంచన చేరాడో ఆ నాయకుడి మనిషి ఒకడు ఆఫీసు గదికి వచ్చాడు. చేతిలో ఆ రెండున్నర పేజీల కాగితాలు. నెట్ సెంటరులో తీయించినవి. హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు. వచ్చినవాడే ఆమెను పిలిపించాడు. ఆమె వచ్చి నిలబడింది.

"ఇది ఎవురు సదివినారు మేడం, ఎక్కించే ముందర?"

"నేనొక్కదాన్నే."

"మాటలు సక్కగా దిద్దినట్టుండాయి. పాప రాత మాదిరి లేదే." అతను నా వైపు తిరిగాడు. "ఏమప్పా పెద్దింటాయప్పా, ఈడనే కూర్చోనుంటావు గదా. నువ్వు సూడలేదా?"

నేను నోరు తెరిచే లోపల ఆమె అంది. "ఆయన సూసేది అక్షరాలే."

అతను నవ్వాడు. "పెద్దిల్లు, పెద్ద సదువు" అన్నాడు. ఆమెతో, ఈ ఊరి బస్సు ఇంక ఎక్కవద్దని మామూలు గొంతుతోనే చెప్పి పోయాడు. ఆమె నా వైపు చూడలేదు. ఆ మాట నన్ను కాపాడడానికి అన్నదా, నేను ఏమిటో నా ఎదుటే చెప్పిందా అన్నది అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. నేను కూర్చున్న చోటు నుంచి లేవలేదు. అంతవరకు చెప్పగలను.

మరుసటి రోజు ప్రొద్దుటూరు పోయి ఆ బ్లాగు మొత్తం తీసేసింది. గొర్రెపిల్ల అరుపు, ఎండిన బాయి, నాపరాయి, అన్నీ. పోలీసులు వస్తే తలనొప్పి అని హెడ్మాస్టరు ఫోనులో అంటే, ఎనిమిదో తరగతి నోట్సులన్నీ నేనే మధ్యాహ్న భోజనం పొయ్యిలో పెట్టాను. ఆమె పులివెందుల వైపు బదిలీ వేయించుకుని పోయింది. కంప్యూటర్ల మీద దుప్పటి పడింది. గేటు దగ్గర సోమవారం ఎవరూ నిలబడలేదు. పిల్లలు మళ్లీ "నాకు నచ్చిన నాయకుడు" రాయసాగారు, మూడు వాక్యాలు రాసి పెన్ను నమలసాగారు. తల్లి పాపను తీసుకుని ఎర్రగుంట్ల పోయిందని, అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కూలికి పోతోందని విన్నాను. టి.సి. కోసం ఎవరూ రాలేదు. నెలా పదిహేను రోజులకు హాజరు పట్టీలో పాప పేరు కొట్టేసింది కూడా నేనే.

చాలా ఏళ్లకు కోర్టు పని మీద పులివెందుల పోయినప్పుడు ఆమె పనిచేసే బడి వెతుక్కుంటూ వెళ్లాను. వెంట్రుకలు నెరిశాయి. మెడలో సిలువ ఒక్కటే ఉంది. కుర్చీలో కూర్చుని నోట్సులు దిద్దుతోంది. నాకూ కుర్చీ వేయించింది. చేతికి అందిన నోట్సు ఒకటి తెరిచి చూశాను. వర్షాకాలం గురించి ఎనిమిది వాక్యాలు. ఇంకొకటి తెరిచాను. అవే ఎనిమిది. ఆ కట్టలో ఒక్క తప్పు లేదు. బోర్డు మీద తానే రాసి పిల్లల చేత ఎత్తి రాయిస్తోంది.

నేను చెప్పవలసింది అప్పటికి చెప్పాను. అక్షరాలు మాత్రమే కాదు, చదివానని. చదివినప్పుడే తెలుసునని. రెండోసారి, ఆ ఒక్క మాట చూసినప్పుడు ఇంకా బాగా తెలుసునని. వాక్యాలు ముందే కూర్చుకుని వచ్చాను కాబట్టి తడబడలేదు.

ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. పక్కకు చూసింది కొంచెంసేపు. నేను ఆపేశాక కూడా "మల్ల?" అనలేదు. బయట గంట కొట్టారు.

"చెప్పింటే వినేదాన్ని సార్" అంది.

అంతే అంది. క్షమించాననలేదు, నేను అడగలేదు. టీ తెప్పించింది. తాగి వచ్చాను.

ఫ్లెక్సీ చూసిన ఆ సాయంత్రం భూస్థాపనకు పోయాను. జనం తక్కువ. పాస్టరుగారు ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా అని అడిగితే పులివెందుల నుంచి వచ్చిన ఒక టీచరు మాట్లాడాడు, క్రమశిక్షణ గల ఉపాధ్యాయురాలని. మన్ను వేసి అందరూ కదులుతుండగా వెనక నుంచి ఒక మనిషి, "సార్" అని పిలిచింది. ఇరవై అయిదేళ్లు ఉంటాయి. చంకలో బిడ్డ. చీర అంచుకు సిమెంటు పట్టి ఉంది. ఎవరో నేను పోల్చుకునే లోపల తానే చెప్పింది. ఆ పాప.

మేడం పోయిందని ఎవరో ఫోను చేస్తే పని మధ్యలో వచ్చానంది. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"నా నోట్సు మీ కాడ ఉంటాదేమోనని అడుగుదామని సార్. అప్పుడు రాసింది."

లేదమ్మా అన్నాను. ఏమైందో చెప్పలేదు.

"కంప్యూటర్లో?"

"తీసేసినారు."

తల ఊపింది. "దాంట్లో లాస్టున మా నాయన గురించి రాసినా సార్. నాలుగైదు లైన్లు. ఏం రాసినానో మర్సిపోయినా. మా నాయన ఫొటో గూడా లేదు మా ఇంట్లో. మీరు దిద్దినారు గదా, మీకేమన్నా గుర్తుందా?"

గుర్తు తెచ్చుకోవడానికి నిలబడ్డాను. ఆ రెండున్నర పేజీలలో నేను దిద్దిన ప్రతి అక్షరం ఈనాటికీ చెప్పగలను, ఏ వరుసలో ఏది ఉందో కూడా. నాయన గురించిన ఆ నాలుగైదు వరుసల్లో దిద్దవలసినవి లేవు కాబోలు. ఒక్క మాట కూడా రాలేదు. ఆ పిల్ల నా మొహం చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి ఇవ్వకపోతే బాగుండదనిపించింది.

"మా నాయన శానా మంచోడు అని రాసినావమ్మా" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. కోపం లేదు. వయసులో పెద్దవాణ్ని చూసి కళ్లు దించుకున్నట్టు దించుకుంది.

"అట్ల రాసిండను సార్" అంది. "మంచోడు అని రాస్తే మేడం కొట్టేసేది. ఏం జేసినాడో రాయమనేది."

ఎర్రగుంట్ల బస్సుకు టైమయిందని, బిడ్డ తలమీద కొంగు కప్పి వెళ్లిపోయింది.